14 సెకన్ల చీకటి

"ఒక్కదానివేనా?" అని ఆ మూడు రోజుల్లో నన్ను నలుగురు అడిగారు. ఇద్దరు ఇంగ్లీషులో, ఒకరు హిందీలో, ఒకరు తెలుగులో. ఇంగ్లీషులో అది ఎండ గురించో వాన గురించో అడిగినట్టు ఉంటుంది, జవాబు కోసం పెద్దగా ఆగరు. హిందీలో అడిగిన మోటెల్ ఆంటీ గొంతులో కొంచెం జాలి ఉంది. తెలుగులో అడిగింది మా అమ్మ. ఆ సంగతి చివర్లో చెప్తాను.

ఉద్యోగం పోయిన పదకొండో రోజున బయల్దేరాను. నేనుండేది పోర్ట్‌లాండ్ పక్కన బీవర్టన్‌లో. ఒరెగాన్ సముద్రతీరం అక్కణ్ణించి గంటన్నర. నాలుగేళ్ళలో అయిదారు సార్లు వెళ్ళుంటాను. ప్రతిసారీ రెండు కార్లు, ఎనిమిది మంది, పులిహోర, బ్లూటూత్ స్పీకరు. సముద్రం ఫొటోల్లో మా వెనకాల ఉండేది. హెచ్1బి మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే 60 రోజుల గడువు. ఈలోపు ఇంకో కంపెనీ దొరకాలి, లేదా స్టేటస్ మార్చుకోవాలి, లేదంటే సామాను సర్దుకోవాలి. మొదటి పది రోజులు ఆ లెక్కలోనే బతికాను. ఒక ఎక్సెల్ షీటు, అందులో అప్లై చేసిన కంపెనీలు, ఎరుపూ పసుపూ గళ్ళు. ఆకుపచ్చ గడి ఒక్కటీ లేదు. పదకొండో రోజు పొద్దున షీటు తెరిచి, మూసి, కారు తాళాలు తీసుకున్నాను. మే చివరి వారం, మంగళవారం. స్నేహితులందరూ ఆఫీసుల్లో ఉన్నారు. ఇంట్లో చెప్పలేదు. ప్రయాణం గురించీ, ఉద్యోగం గురించీ.

లైట్‌హౌస్‌లే ఎందుకంటే, నేను చేసిన పనేంటో చెప్పాలి. సర్వర్లు ఎక్కడైనా ఆగిపోతే అర్ధరాత్రి ఎవరో ఒకరి ఫోన్ మోగాలి కదా, ఆ మోగించే వ్యవస్థ మా టీమ్‌ది. వంతులవారీగా మేమే లేచి చూసేవాళ్ళం. రెండేళ్ళ కిందట ఆ అలారాల్లో సగం వాటంతట అవే సర్దుకునేలా కోడ్ రాశాం. ఎక్కువ భాగం రాసింది నేనే. గాజు పలక మీద పేరు చెక్కించి ఇచ్చారు. ఇప్పుడది బాల్కనీ తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకుంటున్నాను. అలారాలు సగమయ్యాక మనుషులూ సగం చాలన్నారు. ఇందులో ఆశ్చర్యపోవడానికేమీ లేదని నాకు తప్ప అందరికీ ముందే తెలిసినట్టుంది. రాత్రంతా మేలుకోవడమే ఉద్యోగమైన మనుషులు ఒకప్పుడు ఉండేవాళ్ళనీ, వాళ్ళ దీపాలు మాత్రం ఇంకా వెలుగుతున్నాయనీ ఎక్కడో చదివింది అప్పుడు గుర్తొచ్చింది.

తీరానికి పోయే 6వ నంబరు రోడ్డు టిల్లమూక్ అడవిలోంచి వెళ్తుంది. రెండు వైపులా డగ్లస్ ఫర్ చెట్లు. చూస్తే అనాదిగా ఉన్న అడవి అనిపిస్తుంది. కాదు. 1933లో ఇక్కడ పెద్ద కార్చిచ్చు లేచింది. మళ్ళీ 1939లో, 1945లో, 1951లో. సరిగ్గా ఆరేళ్ళకోసారి. హెచ్1బి మొత్తం గడువు కూడా ఆరేళ్ళే అని తట్టి, కార్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆ బూడిద నేలలో 1949 నుంచి 1973 దాకా 7 కోట్ల 20 లక్షల మొక్కలు నాటారట. నాటినవాళ్ళలో బడిపిల్లలూ ఉన్నారు, జైలు ఖైదీలూ ఉన్నారు. అందుకే చెట్లన్నీ ఇంచుమించు ఒకే ఈడువి, ఒక క్లాసు పిల్లలు వరసలో నిలబడ్డట్టు.

మొదటి లైట్‌హౌస్ కేప్ మేర్స్. ఎత్తు 38 అడుగులు. మన డాబా ఇంటి మీద నీళ్ళ ట్యాంకు పెడితే అంత ఉంటుంది. కొండే రెండొందల అడుగులకి పైన ఉంది కాబట్టి కట్టడం పొడుగ్గా ఉండక్కర్లేదు. 1890లో వెలిగించారు. లోపలి గాజు కటకాన్ని కనిపెట్టినవాడు ఫ్రెనెల్, రోడ్లూ వంతెనలూ చూసుకునే ఫ్రెంచి ఇంజనీరు. ఒక్క పెద్ద మందపాటి కటకం బదులు గాజు ముక్కల్ని మెట్లు మెట్లుగా పేర్చి, నలువైపులా చెదిరిపోయే వెలుతుర్ని ఒక దిక్కుకి వంచాడు. 1823లో ఫ్రాన్స్‌లోని కోర్డువాన్ లైట్‌హౌస్‌లో అలాంటిది మొదటిసారి పెట్టారు. ఆ తర్వాత నాలుగేళ్ళకే క్షయతో పోయాడు, 39 ఏళ్ళకి. కేప్ మేర్స్ కటకాన్ని 2010 జనవరిలో ఇద్దరు తుపాకీతో కాల్చారు. పగిలిన చోట్లు చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. కారణం ఏమీ లేదట. నూట ఇరవై ఏళ్ళు గాలివానలకి తట్టుకున్న గాజు అది.

ఆ రాత్రి టిల్లమూక్‌లో ఒక మోటెల్. రిసెప్షన్‌లో గుజరాతీ ఆంటీ. "అకేలీ హో?" అంది. అవునన్నాను. తాళంతో పాటు ఒక ప్లాస్టిక్ డబ్బాలో నాలుగు థేప్లాలు ఇచ్చింది. డబ్బులిస్తే తీసుకోలేదు.

ఒంటరి ప్రయాణం గురించి తెలుగులో రాద్దామంటే మాట దగ్గరే చిక్కు. "ఒక్కదాన్నే" అంటే ధైర్యం, "ఒంటరిగా" అంటే దిగులు. రెంటికీ మధ్య ఇంకో మాట కావాలి. మన తొలి యాత్రాగ్రంథంగా చెప్పుకునే కాశీయాత్ర చరిత్రే చూడండి. ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో పెద్ద పరివారంతో మద్రాసు నుంచి కాశీ వెళ్ళొచ్చాడు. ఏ ఊళ్ళో నీళ్ళు ఎలా ఉన్నాయి, ఏ దారి బండ్లకి పనికొస్తుంది, మజిలీ ఎక్కడ అనుకూలం, అన్నీ రాస్తాడు. నాకు ఆ పుస్తకం చాలా ఇష్టం. అతనికి భయం వేసిందా, బెంగపడ్డాడా అని మాత్రం మనం ఊహించుకోవాల్సిందే. ఆ ఓపిక నాకెక్కడిది? నీళ్ళ రుచి రాయకుండానే నా బెంగ రాసేస్తున్నాను. బ్యాగులో వర్జీనియా ఉల్ఫ్ "టు ది లైట్‌హౌస్" కూడా పెట్టుకున్నాను, అందులో లైట్‌హౌస్‌కి పోదామనుకున్న ప్రయాణం పదేళ్ళు వాయిదా పడుతుంది. మూడు రోజుల్లో పుస్తకం బయటికి తీయలేదు.

బుధవారం పొద్దున నెస్కోవిన్. సముద్రం వెనక్కి తగ్గిన వేళ చూసుకుని వెళ్ళాలి. ఇసకలోంచి చెట్ల మోళ్ళు పైకి లేచి ఉంటాయి, ఓ వంద దాకా. సిట్కా స్ప్రూస్ చెట్లు, సుమారు 2000 ఏళ్ళ నాటివి. భూకంపంలో నేల ఒక్కసారిగా కుంగి, అడవి అడవంతా ఉప్పునీళ్ళల్లోకీ బురదలోకీ దిగిపోయిందని చెప్తారు. 1997-98 చలికాలపు తుఫానులు ఇసకని కోసుకుపోతే మళ్ళీ బయటపడ్డాయి. మోళ్ళ మీద ఇప్పుడు ఆల్చిప్పలు పట్టి ఉన్నాయి. ఈ తీరం పొడుగునా సునామీ హెచ్చరిక బోర్డులు, ఎటు పరిగెత్తాలో బాణం గుర్తులు. ఉత్తిగా కాదు. 1700 జనవరి 26న ఇక్కడ వచ్చిన భూకంపానికి సముద్రం జపాన్ దాకా పొంగింది. రాతపూర్వక చరిత్ర లేని ఈ తీరంలో తేదీతో సహా అది తెలిసింది జపాన్ వాళ్ళు రాసి పెట్టుకున్న లెక్కల వల్లే.

ఒక మోడు మీద కూచుని ఇంటికి ఫోన్ చేశాను. పొద్దున తొమ్మిది, విజయవాడలో రాత్రి తొమ్మిదిన్నర. నాన్న ఎత్తాడు.

"ఏంటమ్మా ఆ చప్పుడు?"

"బాల్కనీలో ఉన్నా నాన్నా. గాలి."

"సరే" అన్నాడు. మామిడికాయల గురించి మాట్లాడాడు.

నాన్నది దివిసీమ. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చిననాటికి పదిహేనేళ్ళ పిల్లాడు. ఆ రాత్రి గురించి మాకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. మా చిన్నప్పుడు మంగినపూడి బీచికి వెళ్తే అందరూ నీళ్ళల్లో దిగేవాళ్ళు, ఆయన వెనక లైట్‌హౌస్ వైపు నిలబడి మా తలలు లెక్కపెట్టుకునేవాడు. సముద్రానికి ఎప్పుడూ వీపు చూపించొద్దు అనేవాడు. ఒరెగాన్‌లో ఆ మాటే ఇంగ్లీషులో బోర్డుల మీద రాసి ఉంటుంది.

మధ్యాహ్నానికి న్యూపోర్ట్ దగ్గర యాక్వినా హెడ్. ఒరెగాన్‌లో అన్నిటికన్నా ఎత్తయిన లైట్‌హౌస్, 93 అడుగులు, 1873లో వెలిగించింది. కింద రాతి దిబ్బ నిండా మర్ పక్షులు, వేలకి వేలు. దూరం నుంచి బుల్లి పెంగ్విన్‌లలా ఉంటాయి, కానీ ఎగురుతాయి. గూడు కట్టవు. వట్టి రాయి మీద ఒక్కటే గుడ్డు. ఒక్కో గుడ్డు మీద చుక్కలూ గీతలూ ఒక్కో రకంగా ఉంటాయి, అంత రద్దీలో తమ గుడ్డు తమకి తెలియడానికి. దుర్భిణీ పెట్టుకుని కూచున్న వాలంటీరు, డెబ్బై ఏళ్ళావిడ, ఇదంతా చెప్తుండగానే దిబ్బ మొత్తం ఒక్కసారి లేచింది. డేగ వచ్చింది, బాల్డ్ ఈగిల్. అది పట్టుకుపోయింది ఒక్క పక్షిని. మిగతావి భయపడి ఎగిరిన ఆ కాస్త సేపట్లో సీగల్స్ దిగి గుడ్లు ఎత్తుకుపోయాయి. అసలు నష్టం అదే అందావిడ. 1972లో అమెరికా డీడీటీని నిషేధించాక డేగలు మళ్ళీ పుంజుకున్నాయి. వాటిని కాపాడుకున్నందుకు గర్వపడాలో, ఈ గుడ్ల కోసం బాధపడాలో తేల్చుకోలేకపోతున్నానంది. దుర్భిణీ నాకిచ్చింది. మర్‌లు అయిదారు నిమిషాలకి వెనక్కొచ్చాయి. గుడ్డు పోయినవి ఏవో, ఉన్నవి ఏవో అంత దూరం నుంచి తెలియలేదు. అన్నీ మళ్ళీ అదే తోపులాటలో పడ్డాయి.

చీకటి పడ్డాక మోటెల్ దగ్గరి బీచి నుంచి ఆ దీపాన్నే చూశాను. ఒక్కో లైట్‌హౌస్‌కి ఒక్కో వరస ఉంటుంది, ఓడ వాళ్ళు దాన్ని బట్టే ఎక్కడున్నారో పోల్చుకుంటారు. యాక్వినాది 2 సెకన్ల వెలుగు, 2 సెకన్ల చీకటి, మళ్ళీ 2 సెకన్ల వెలుగు, ఆపైన 14 సెకన్ల చీకటి. లెక్కపెట్టి చూడండి, 14 చాలా పొడుగు. ఎనిమిదో సెకను దగ్గర ఆగిపోయిందేమో అనిపిస్తుంది. ఆన్‌కాల్ చేసిన దాన్ని కదా, ప్రతిసారీ నా చెయ్యి జేబులో ఫోన్ మీదకి పోయింది. ఓ గంట అక్కడే ఉన్నాను. చలికి వేళ్ళు కొంకర్లు పోయాక లేచాను.

గురువారం పొద్దున్నే హెసీటా హెడ్. ఫొటోల్లో మీరు చూసే ఉంటారు, కొండ అంచున తెల్లటి లైట్‌హౌస్, ఎర్రటి టోపీ. 1894 నాటిది. పక్కన కీపర్లు ఉన్న ఇల్లొకటి మిగిలింది, ఇప్పుడది అద్దెకిచ్చే గదుల హోటల్. కటకం తిరగడానికి గడియారంలో లాగా బరువులుండేవి, కిందికి దిగినప్పుడల్లా చేత్తో చుట్టి పైకి ఎత్తాలి. చమురు పొయ్యాలి, మసి తుడవాలి. ముగ్గురు కీపర్లు, కుటుంబాలతో సహా. 1934లో కరెంటొచ్చింది. 1963లో మొత్తం యంత్రానికి అప్పజెప్పారు. గైడ్ ఇదంతా మురిపెంగా చెప్తున్నాడు. ఆఖరి కీపరు ఆ మర్నాడు రాత్రి ఏం చేసి ఉంటాడని అడగాలనిపించింది. బహుశా నిద్రపోయి ఉంటాడు.

మెట్ల మీద ఉండగా ఫోన్ మోగింది. తొమ్మిదిన్నర. నాన్న తనంతట తను చెయ్యడం అరుదు.

"సముద్రానికి ఎంత దూరంలో ఉన్నావు?"

తడబడ్డాను. "రెండొందల అడుగుల ఎత్తులో ఉన్నా నాన్నా. పైన."

"నిన్న గాలన్నావు. అలల చప్పుడు నాకు తెలీదా?" కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఉద్యోగం ఎప్పుడు పోయింది తల్లీ?" అన్నాడు.

"అదెలా తెలుసు?"

"మీ అమ్మ చెప్పింది. ఎప్పుడూ మీ రాత్రి పూట, మాకు పొద్దున టిఫిన్ వేళకి చేసేదానివి. రెండు వారాలుగా మాకు పడుకునే వేళకి చేస్తున్నావు. పనున్న మనిషి పొద్దున తొమ్మిదింటికి మామిడికాయల గురించి అరగంట మాట్లాడుతుందా అంది."

నాకు నోట మాట రాలేదు. ఎన్ని రోజులున్నాయని అడిగాడు. 47 అన్నాను. ఆయనా లెక్క వేసుకుంటున్నట్టున్నాడు. ఈలోపు అమ్మ ఫోన్ లాక్కుంది. ఉద్యోగం ఊసెత్తలేదు. "ఒక్కదానివేనా?" అంది. అవునన్నాను. "తిన్నావా?" థేప్లాలు తిన్నానని చెప్తే అవేంటో చెప్పాల్సొచ్చింది. మెంతికూర వేసిన చపాతీలు అన్నాను. "మంచిదే, కడుపుకి మెంతులు చలవ" అని ఫోన్ మళ్ళీ నాన్నకిచ్చింది. ఆయన, అంచుకి పోవద్దన్నాడు.

మర్నాడు పన్నెండింటికి ఒక ఇంటర్వ్యూ ఉంది. షీటులో పసుపు గడి. ఇంకాస్త దక్షిణానికి పోయి ఫ్లోరెన్స్‌లో లోపలికి తిరిగితే పెద్ద రోడ్డు తగులుతుందని మ్యాప్ చూపించింది. నేను వచ్చిన దారినే వెనక్కి తిప్పాను. వచ్చేటప్పుడు కుడి పక్కనున్న సముద్రం ఇప్పుడు ఎడమ పక్కకి వచ్చింది. కేప్ పర్పెచువా దగ్గర ఆపి, అడవిలో ఓ మైలు నడిచి, 550 ఏళ్ళు దాటిన స్ప్రూస్ చెట్టు చూశాను. కూలిన ఒక పెద్ద మాను మీద విత్తనం పడి మొలిచిందట. కింది మాను ఎప్పుడో పుచ్చి మట్టిలో కలిసిపోయింది, అది ఉన్న చోట వేళ్ళ కింద గుహలా ఖాళీ మిగిలింది. నలుగురు పిల్లలు అందులో దాక్కుని వాళ్ళమ్మని పిలుస్తున్నారు. ఆవిడ నా చేతికి ఫోనిచ్చి ఫొటో తీయమంది. తీశాక, నాదీ ఒకటి తీయమన్నాను.