చిరునామాల పుస్తకం

బ్రూక్‌ఫీల్డులో మా యింట కరెంటు పోయి వచ్చిన నాటినుంచీ ఒక చిక్కు పట్టుకున్నది. కంప్యూటరులో థండర్‌బర్డు ఉత్తరాలు చక్కగా చూపుతుంది గాని, చిరునామాల పుస్తకం తెరవబోతే చటుక్కున మూతపడుతుంది. ఉగాదికి పిలవవలసిన చుట్టాలందరూ అందులోనే వున్నారాయె!

ఉత్తరాలు వేరు, చిరునామాలు వేరు ఫైళ్ళలో వుంటవి. 2020లో వచ్చిన 78వ కూర్పునుంచి ఆ రెండవదాని పేరు ‘ఏబుక్ డాట్ ఎస్‌క్యూలైట్’. ప్రోగ్రామును పూర్తిగా మూసి, ప్రొఫైలు ఫోల్డరుకు నకలు తీసి (గుమాస్తాలము గదా, నకలు లేనిదే కాగితం కదపము), ఆ ఫైలు పేరు మార్చాము. మళ్ళీ తెరిస్తే ఖాళీ పుస్తకం నిక్షేపంగా తెరుచుకున్నది. అంటే చెడినది ఫైలే.

సంక్రాంతినాడు ఎగుమతి చేసి దాచిన ప్రతిని దిగుమతి చేశాము. మా ఇంట్లో ఆవిడ ముందుగా వెదికినది వాళ్ళ నాన్నగారి పేరు. ఆయన పోయి రెండేళ్ళయినది. పేరు వున్నది.