ఒక్కనాటి సంత

టోక్యో మహానగరానికి తూర్పున, అఖాతపు ఒడ్డునే ఉన్న చిబా నగరంలో మకుహరి మెస్సె అనే విశాలమైన ప్రదర్శనశాల ఉంది. ‘వండర్ ఫెస్టివల్’ అనే బొమ్మల సంత 2009 నుంచి అక్కడ సాధారణంగా ఏటా రెండుమార్లు, ఒక్కొక్క రోజు, జరుగుతోంది.

ఔత్సాహిక శిల్పులు కార్టూను చిత్రాల పాత్రలను తామే మలచి, రబ్బరు అచ్చులలో రెసిన్ ద్రవం పోసి గట్టిపరచి, విడిభాగాలుగా అమ్ముతారు. అనేక పాత్రల విషయంలో హక్కుదారుల అనుమతి ఆ ఒక్క దినానికే పరిమితం. రబ్బరు అచ్చు కూడా కొన్ని పదుల పోతలకే శిథిలమవుతుంది. కనుక ఒక ముక్క విరిగితే మరొకటి లభించడం దుర్లభం.

కొన్నవారి శ్రమ ఇల్లు చేరిన పిమ్మటనే ఆరంభమవుతుంది. అచ్చు నుంచి అంటిన జిడ్డును సబ్బునీటితో కడగాలి. వంగిన భాగాన్ని వేడినీటిలో ముంచి సరిచేయాలి. గాలిబుడగల గుంటలను పుట్టీతో పూడ్చాలి. రెసిన్ పొడి ఊపిరితిత్తులకు హానికరం; అందుచేత మాస్కు ధరించి, ముక్కను తడుపుతూ గరుకుకాగితంతో రుద్దాలి. అతుకుల వద్ద సన్నని రంధ్రాలు తొలిచి, ఇత్తడి తీగ దూర్చి, జిగురుతో బిగించాలి. ఆ తరువాతనే రంగులు.

సంత సాయంకాలానికి ముగుస్తుంది. బొమ్మ పూర్తికావడానికి నెలలు పట్టవచ్చు. మలచినవారెవరో, కూర్చినవారెవరో, బొమ్మ మాత్రం ఇద్దరి చేతిపనీ.