ఫలాసక్తి – రెండవ సర్వీసు

ఫలచింత కర్మను చెడగొడుతుందనడానికి టెన్నిస్ క్రీడాంగణం కూడా ఒక ప్రత్యక్ష ప్రమాణం.

1993 వింబుల్డన్ మహిళల అంతిమ పోటీ. నిర్ణాయకమైన మూడవ సెట్టులో స్టెఫీ గ్రాఫ్‌పై యానా నొవోత్నా 4-1 ఆధిక్యంలో ఉండి, 40-30 వద్ద సర్వీసు చేస్తున్నది. ఆ ఒక్క పాయింటు లభిస్తే 5-1. ఆ క్షణంలోనే రెండు సర్వీసులూ తప్పాయి. అటుపై ఆమె ఒక్క గేము కూడా గెలవలేదు. 6-4తో సెట్టు, దానితో విజయం చేజారాయి.

డబుల్ ఫాల్టు అభ్యాసకులందరిలోనూ కనిపించే దోషం. మళ్ళీ తప్పుతుందేమోనన్న భయంతో రెండవ సర్వీసులో చేతివేగం తగ్గుతుంది. బంతి ఎక్కడ పడుతుందో చూడాలన్న ఆతురతతో, రాకెట్ తగలకముందే తల వంగుతుంది. ఈ భయమూ, ఈ ఆతురతా రెండూ ఫలాసక్తికి రూపాలే.

పరిహారం క్రియలోనే ఉన్నది. చేతివేగాన్ని తగ్గించకుండా బంతిని క్రిందినుండి పైకి ఒరసినట్లు కొట్టాలి. అప్పుడు కలిగే భ్రమణమే బంతిని నెట్ దాటించి లోపలికి దించుతుంది. రాకెట్ తగిలే క్షణం వరకు దృష్టి బంతిపైనే నిలవాలి. ఎగురవేసిన బంతి సరిగా లేకుంటే కొట్టే యత్నం చేయక క్రింద పడనివ్వవచ్చు. నియమం దానిని దోషంగా గణించదు.

నొవోత్నా 1997లోనూ అంతిమ పోటీలో ఓడింది. 1998లో నథాలీ తోజియాపై గెలిచి విజేతగా నిలిచింది. గతించిన బంతిని మనస్సులో మోయక, చేతిలోని బంతిని శ్రద్ధతో ఆడటమే సాధన.