తాతగారి సీమకు ఒక ప్రయాణం

కరువుకు తాళలేక మా తాతగారు అనంతపురం సీమ వదిలి బెంగళూరు చేరారు. ఆ నేల చూపిద్దామని పోయినేడు పిల్లలతో రైలెక్కాను. పేదలకు ఇద్దామని పాత చీరల మూటొకటి వెంట తీసుకెళ్ళాం.

స్పెయిన్ దేశస్థుడు విన్సెంట్ ఫెర్రర్ 1952లో మన దేశం వచ్చి, మహారాష్ట్రలోని మన్మాడ్‌లో రైతుల మధ్య పనిచేశారు. 1968లో దేశం విడిచి వెళ్ళవలసి వచ్చినా, తిరిగి వచ్చి 1969లో అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పని మొదలుపెట్టారు. 2009లో అక్కడే కన్నుమూశారు.

బత్తలపల్లిలో సంస్థ ఆసుపత్రి చూసి, ఓ పల్లెకు వెళ్ళాం. సంస్థ కట్టించే ఇళ్ళు ఇల్లాలి పేరనే ఉంటాయి. అలాంటి ఇంటావిడ మమ్మల్ని కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. "మీ జేజినాయనది యా ఊరన్నా?" అని అడిగింది. ఇక మూట విప్పడానికి చెయ్యి రాలేదు.

మీరూ వెళ్ళిరండి. ముందుగా సంస్థకు రాసి, వాళ్ళు రమ్మన్న రోజునే వెళ్ళండి. అడగకుండా ఫోటోలు తీయకండి. ఇవ్వదలచుకున్నది కొద్దిపాటైనా నెలనెలా పంపి రసీదు తీసుకోండి.

మా ఇంట్లో ఇప్పుడు దేవుడి గూటి పక్కన ఓ హుండీ ఉంది. పిల్లలు దానికి పెట్టిన పేరు 'తాతగారి బాకీ'.