లెక్కకు రాని భయం

తొగుట మండలంలో మల్లన్నసాగర్ జలాశయం కింద ఏటిగడ్డ కిష్టాపూర్, వేములఘాట్, పల్లెపహాడ్ లాంటి ఊళ్లు మునిగాయి. 2022 ఫిబ్రవరిలో ఆ జలాశయం ప్రారంభమైంది. కానీ ఊరు పోయిన పిల్లల భయం ఏ పరిహారం లెక్కలోనూ పట్టదు.

ఆ భయమే నన్ను కలవరపెడుతుంది. ఊరు పోగొట్టుకున్న బిడ్డకు దేవుడూ దూరమైనట్టే ఉంటుంది. కన్నతండ్రి చేతిలో దెబ్బలు తిన్నవాడైతే దేవుణ్ణి తండ్రీ అని పిలవడానికే జంకుతాడు. పెద్దయ్యాక, ‘నీలో దయ్యముంది, నేను వదిలిస్తా’ అనే గొంతుకు ఇట్టే లొంగిపోతాడు. గాయాన్ని పాపమనడం క్రూరత్వం. మార్కు సువార్త పదో అధ్యాయంలో యేసు చిన్నపిల్లల్ని ఎత్తుకొని దీవించాడు. అడ్డుపడిన శిష్యుల మీదే కోపపడ్డాడు.

సంఘ కాపరులారా, తలమీద చేయి పెట్టే ముందు బిడ్డ చెప్పేది వినండి. హింసించినవాడు సంఘపెద్దే అయినా దాచకండి. పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయండి.