పదిహేడేళ్ళ మిషనూ, పక్కగుడ్డలూ

2025 ఆషాఢంలో ఒక శుక్రవారం పొద్దున్న మా వాషింగ్ మిషను కాలం చేసింది. ఊరికే పోలేదు. కట్టుకొయ్య మీద అలిగిన గేదెలా రెండుసార్లు గోడకేసి గుద్దుకుని, అర అడుగు ముందుకి జరిగి, ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది. మూత తీస్తే లోపల మురికినీళ్ళు, ఆ నీళ్ళలో మా అత్తగారి పక్కగుడ్డలు.

"పోనిద్దూ! పదిహేడేళ్ళ సర్వీసు చేసింది. దానికి మాత్రం రిటైర్మెంటు ఉండొద్దూ?" అన్నారు మావారు పేపర్లోంచి తల ఎత్తకుండా. ఆయన రిటైరై ఆరేళ్ళయింది. ఇంట్లో రిటైర్మెంటు లేనిది ఎవరికో ఆ పేపర్లో రాయరు కదా మరి!

దాన్ని 2008 దసరాకి కొన్నాం. కొన్ననాడు మా అత్తగారు మూతి ముడుచుక్కూర్చున్నారు. "రెండు చేతులూ సుబ్బరంగా ఉన్న ఆడదానికి బట్టలుతకడానికి యంత్రమేమిటే, చోద్యం కాకపోతే! అందరి బట్టలూ కలిపి గిలకొడుతుందా? మడీ లేదు, తడీ లేదు" అన్నారు. తన చీర మాత్రం తనే బాత్రూములో జాడించుకునేవారు. మూడో ఏడు చలికాలంలో గావును, ఒకరోజు చూస్తే ఆవిడ చీర మిషన్లో తిరుగుతోంది. నేనేమీ అనలేదు. ఆవిడా ఏమీ అనలేదు.

ఇప్పుడావిడకి ఎనభై ఆరు. రెండేళ్ళ కిందట జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక కూడా మంచమే ఆవిడ లోకమైపోయింది. రాత్రిళ్ళు పక్క తడుస్తుంది. చెప్పుకోకూడదు గాని, ఇంట్లో పెద్దవాళ్ళున్న ఆడవాళ్ళకి చెప్పక్కర్లేదు కూడా. డైపర్లు వేయరా అంటారేమో, వేస్తే ఒళ్ళు ఒరుసుకుపోతోంది. అంచేత రోజూ పక్కగుడ్డలు రెండు, ఒక్కోరోజు నాలుగు. మిషను మాకు షోకు కాదన్నమాట. అది ఆగితే ఇల్లే ఆగుతుంది.

మెకానిక్కి ఫోను చేశాను. పదేళ్ళుగా దాని ప్రాణాలు కాపాడుతున్నది ఆ అబ్బాయే. బెల్టు మార్చాడు, నీళ్ళు వదిలే మోటారు మార్చాడు, ఒకసారి బల్లి లోపలికెళ్ళి సర్క్యూట్ బోర్డు మీద ఆత్మార్పణ చేసుకుంటే ఆ బోర్డూ మార్చాడు. వచ్చి, వెనక రేకు విప్పి, చెయ్యి పెట్టి తిప్పి చూసి పెదవి విరిచాడు.

"గేర్ బాక్స్ పోయిందమ్మా. బేరింగ్ గూడ అరిగింది. ఈ మాడల్ సామాను ఇప్పుడు వస్తలేదు. పాత మిషన్లకెల్లి తీసి పెడ్త గానీ, ఎన్ని రోజులు ఆడ్తదో నాకే తెల్వది. పైసలు దండగ."

తర్వాత నీళ్ళలో చెయ్యి పెట్టి, పక్కగుడ్డల మధ్యలోంచి రబ్బరు షీటు బయటికి లాగాడు. "ఇది గూడ ఏసినవా అమ్మా? దీంట్లకెల్లి నీళ్ళు బయటికి పోవు. స్పిన్నుల ఒక దిక్కే బరువైతది, మిషను ఎగుర్తది."

పాత ప్రాణమే అనుకోండి, కానీ ఆ చివరి తోపు తోసింది నేనే. ఈ సంగతి మావారికి ఇంతవరకూ చెప్పలేదు. వారపత్రికలు ఆయన ముట్టుకోరు కనక ధైర్యంగా ఇక్కడ రాస్తున్నాను.

కొత్తది కొనాలి. కొంటే ఈసారి కూడా పదిహేడేళ్ళు రావాలి. కనీసం మా అవసరం ఉన్నన్నాళ్ళు మొరాయించకూడదు. మావారు ఒక నోటుబుక్కు తీసి స్కేలుతో గీతలు గీశారు. కంపెనీ, కిలోలు, ధర, నక్షత్రాలు. రెండు రోజులు ఫోనులో జనం రాసిన అభిప్రాయాలన్నీ చదివి వినిపించారు. ఒకాయన ఐదు నక్షత్రాలిచ్చి, "డెలివరీ కుర్రాడు మర్యాదస్తుడు" అని రాశాడట. ఇంకొకావిడ, "ఇవాళే వచ్చింది, రంగు బాగుంది" అందిట. కాపరానికొచ్చిన మర్నాడే కోడలు మంచిదని రాసినట్టుంది! ఏడేళ్ళు వాడాక వచ్చి రాసేవాళ్ళేరీ?

ఈలోగా ఉతుకుడు చేతులమీద పడింది. పనిమనిషి తన వంతు పనులు చేస్తుంది గాని ఈ పక్కగుడ్డలు ముట్టుకోనని మొదటే చెప్పింది. అందులో ఆమె తప్పేమీ లేదు. తడిసిన డబుల్ కాట్ దుప్పటి బరువెంతో పిండినవాళ్ళకే తెలుస్తుంది. బయట ముసురు. హాల్లో తాడు కట్టి ఆరేస్తే ఫాను కింద కూడా రెండు రోజులకి గాని ఆరేవి కావు. ఇల్లంతా అదో రకం ముక్కవాసన. నాలుగోరోజుకి నా కుడి మణికట్టు వాచి, చెంబు ఎత్తితే కలుక్కుమనేది.

చెంబంటే గుర్తొచ్చింది. అత్తగారి మంచం పక్కన రాత్రి రాగిచెంబుతో నీళ్ళు పెట్టడం అలవాటు. ఆరోరోజు పొద్దున్న చూస్తే చెంబు పెట్టింది పెట్టినట్టే నిండుగా ఉంది. ముందురోజూ అలాగే ఉన్నట్టు అప్పుడు తట్టింది. మధ్యాహ్నం మజ్జిగ కూడా సగంలో వదిలేస్తున్నారు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"ఏం అత్తయ్యా, నీళ్ళు తాగట్లేదా?"

కాసేపు కిటికీ వంక చూసి, "తాగితే మళ్ళీ తడుస్తుంది కదే" అన్నారు. "నీ చెయ్యి చూస్తూనే ఉన్నాను."

నాకు నోట మాట రాలేదు. ఒకప్పుడు ఆ నోటితోనే నన్నెన్ని అనలేదు! పోనీ ఇప్పుడు కూడా ఏదో ఒకటి అంటే తేలిగ్గా ఉండును.

ఆ సాయంత్రమే నోటుబుక్కు మావారి చేతిలోంచి లాక్కున్నాను.

నక్షత్రాలు కట్టిపెట్టి మా కాలనీలో లలితా పారాయణకొచ్చే ఆడవాళ్ళని పట్టుకున్నాను. "మీ మిషను కొని ఎన్నేళ్ళయింది? ఏం పోయింది? ఎవరు బాగు చేశారు?" ఇవే మూడు ప్రశ్నలు. పారాయణ అరగంట, మిషను పురాణం గంటన్నర! అందులో ఒక విడ్డూరం బయటపడింది. ఎదురెదురిళ్ళల్లో ఒకే కంపెనీ, ఒకే రకం మిషను. ఒకటి తొమ్మిదేళ్ళుగా నిక్షేపంలా తిరుగుతోంది. రెండోది మూడేళ్ళకే హీటరు కాలి, బట్టలమీద తెల్లమచ్చలు వేసి మూలపడింది. తేడా ఏమిటయ్యా అంటే, మొదటివాళ్ళు కృష్ణా నీళ్ళు పడతారు. రెండోవాళ్ళది బోరు.

మాదీ బోరే. మా వనస్థలిపురం బోరు నీళ్ళతో పప్పుడకదని అందరికీ తెలుసుగాని, మిషను మాటేమిటని ఎప్పుడైనా ఆలోచించామా? నీళ్ళు పరీక్షకిస్తే కాఠిన్యం లీటరుకి 700 మిల్లీగ్రాములు దాటింది. తాగే నీళ్ళకి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు 200, వేరే గతి లేకపోతే 600. ఆ నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. సబ్బు నురగ రాదు. నురగ రావట్లేదని మనం ఇంకో గుప్పెడు పొడి వేస్తాం. ఆ పొడీ ఆ సున్నమూ కలిసి గొట్టాల్లో, డ్రమ్ము వెనకాల పేరుకుంటాయి. ఇన్నాళ్ళూ కంపెనీవాణ్ణి తిట్టానుగాని సగం పాపం మా బోరుది.

అన్నిటికన్నా మంచి సలహా చెప్పింది మా పనిమనిషి. నమ్ముతారా, వాళ్ళింట్లో నాలుగేళ్ళుగా మిషనుందిట! వాయిదాలమీద కొన్న సెమీ ఆటోమేటిక్. "నల్లా నీళ్ళు బకెట్లతో పోస్త. బట్టలు సగానికంటె ఎక్కువెయ్య. పొడి ఒక్క చెంచనే. ఇప్పటిదాంక ఏం కాలే" అంది గిన్నెలు తోముతూ. ఇన్నేళ్ళు మా మిషన్ని నేను మూటకట్టినట్టు కుక్కుతుంటే చూస్తూ ఊరుకున్నావేమే అంటే, "నన్ను అడిగినవా?" అంది. నిజమే. అడగలేదు.

ఆ సెమీ ఆటోమేటిక్ నన్ను చాలా ఊరించింది. ధర తక్కువ, బోర్డుల గొడవ తక్కువ, చెవి మెలితిప్పినట్టు తిప్పే మీటలు. ఉతికే మోటారు వేరు, పిండే మోటారు వేరు. ఒకటి పోతే రెండోదైనా పనిచేస్తుంది. కానీ తడి దుప్పటిని ఇటునుంచి అటు చేత్తో ఎత్తి వేయాలి. నా మణికట్టు ఒప్పుకోదు. ముందు తలుపు మిషను వేణ్ణీళ్ళతో బాగా ఉతుకుతుంది, నీళ్ళు తక్కువ తాగుతుంది. మాసిన పక్కలకి అదే మేలని మా అమ్మాయి పూనా నుంచి పోరింది. అయితే మోకాళ్ళమీద కూర్చుని తీయాలి, ఒక్కో వాయికి రెండు గంటలు. పైగా మా మెకానిక్ ఇంకో మాట చెవిన వేశాడు. కొన్నిట్లో డ్రమ్ము ఊడదీయడానికి వీల్లేకుండా అతికించేస్తారట. బేరింగు పోతే డ్రమ్ము మొత్తం మార్చాలిట. వంద రూపాయల రోగానికి పదివేల మందు!

దుకాణానికి వెళ్ళాం. ఆషాఢం డిస్కౌంటు బోర్డులు వేలాడుతున్నాయి. ఒక కుర్రాడు మమ్మల్ని గోడంత మిషను ముందు నిలబెట్టాడు. "ఇందులో ఏఐ ఉందాంటీ. బట్ట చూసి తనే కనుక్కుంటుంది. ఫోనుతో అమెరికా నుంచైనా ఆన్ చేసుకోవచ్చు."

"అమెరికా నుంచి ఆన్ చేస్తే, ఇక్కడ బట్టలెవరు వేస్తారు నాయనా?"

మావారు దగ్గి పక్కకి తిరిగారు. మోటారుకి పదేళ్ళ వారంటీ అని బొప్పాయికాయంత అక్షరాలతో ఉంది. కింద ఆవగింజ అక్షరాలకి కళ్ళజోడు పెట్టి చూస్తే, మొత్తం మిషనుకి రెండేళ్ళే. మోటారు తిరుగుతుందని హామీగాని, మిషను తిరుగుతుందని కాదన్నమాట! "ఆ బోర్డు పోతే ఎంతవుతుంది బాబూ?" అంటే కుర్రాడు నీళ్ళు నమిలాడు.

అందుకని ఒక పని చేశాను. మీరూ చేసి చూడండి. కొనకముందే, నచ్చిన రెండు కంపెనీల సర్వీసు నంబర్లకి అక్కడినుంచే ఫోను చేశాను. మిషను చెడిపోయినట్టు మాట్లాడి, మా కాలనీకి ఎన్నాళ్ళకి మనిషొస్తాడు, బోర్డు ఖరీదెంత అని అడిగాను. మొదటి కంపెనీ వాళ్ళు ఇరవై అయిదు నిమిషాలు సంగీతం వినిపించి పెట్టేశారు. రెండోవాళ్ళు, మర్నాడుగాని ఎల్లుండిగాని వస్తారనీ, బోర్డు అయిదు వేలలోపనీ చెప్పారు. మావారికి ముచ్చటేసి, 2022లో కేంద్రప్రభుత్వం 'రైట్ టు రిపేర్' అని వినియోగదారుల కోసం వెబ్‌సైటు పెట్టిన సంగతి, కంపెనీ మొండికేస్తే 1915కి ఫోను చేయొచ్చన్న సంగతీ నాకు దారంతా బోధించారు. నోటుబుక్కులో రాసుకున్నారట, నేనే చూడలేదట.

ఆ రెండో కంపెనీదే కొన్నాం. పైనుంచి బట్టలు వేసేది, ఎనిమిది కిలోలు, ఫోనూ గీనూ అక్కర్లేనిది, ఇరవై వేల చిల్లర. హీటరు లేనిదే తీసుకున్నాను. పక్కగుడ్డలు ముందు జాడించి, గీజరు నీళ్ళలో ఓ అరగంట నానేసి వేస్తే సరి. హీటరుకి సున్నం పట్టే బాధ తప్పింది. ప్లంబరుని పిలిచి కృష్ణా నీళ్ళ ట్యాంకు నుంచి విడిగా ఒక గొట్టం లాగించాను. అడుగున ఎలకలు దూరకుండా జాలీ కొట్టించాం. బల్లుల పూచీ మాత్రం భగవంతుడిదే.

"ఆషాఢంలో కొత్త వస్తువేమిటే? శ్రావణం రానిచ్చి తేకూడదూ?" అన్నారు అత్తగారు మంచంలోంచి. చాలారోజులకి మళ్ళీ ఆ గొంతులో కాస్త కారం వినిపించింది.

"రానివ్వచ్చు. అంతదాకా మీ అబ్బాయి ఉతుకుతారు" అన్నాను. తల్లీకొడుకులిద్దరూ ఇంక మాట్లాడలేదు.

మర్నాడు చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి మిషను దగ్గరికి తీసుకెళ్ళాను. గాజు మూతలోంచి తొంగిచూసి, "లోపల తిరుగుతున్నవి నావేనా?" అన్నారు. అవునన్నాను. అలా చాలాసేపు చూశారు. పని అవగానే మిషను చిన్న పాట పాడింది. "ఇదేమిటే, దీనికి గొంతు కూడానా?" అన్నారు. అప్పుడూ ఇప్పుడూ ఆవిడకి మిషనంటే లోకువే.

వారం గడిచింది. ఒకరోజు తెల్లవారుజామున నాలుగింటికి, "అమ్మాయ్" అని పిలుపు. పక్క తడిసినా, తెల్లారి నేను వెళ్ళి చూసేదాకా ఎప్పుడూ పిలిచే మనిషి కారు.

"పక్క తడిసిందే. ఒళ్ళంతా చల్లగా ఉంది. తీసి నీ మిషన్లో పడెయ్."

నిద్రకళ్ళతో వెళ్ళి లైటు వేశాను. చెంబులో చుక్క నీళ్ళు లేవు.