నాన్నగారి కుర్చీ

నాన్నగారి టేకు కుర్చీ కూర్చుంటే చాలు, కిర్రుమనేది. బాగు చేయించక తప్పింది కాదు.

వడ్రంగి వేడినీళ్ళతో తడిపి కీళ్ళు ఊడదీశాడు. వెనకటి కుర్చీలకు వజ్రం పెట్టేవారు. రత్నం కాదండోయ్, తోళ్ళు మరగబెట్టి తీసిన జిగురు! వేడి తగిలితే పట్టు వదిలేస్తుంది. నల్లబడ్డ పాత పాలిష్ గీకి, ఉప్పుకాగితంతో రుద్దాడు.

నేను కాఫీ తెచ్చేసరికి ఎడమచేతి మీద చిత్రిక పడుతున్నాడు. ఏళ్ళ తరబడి నాన్నగారి మోచెయ్యి ఆని పడిన గుంట కాస్తా చదునైపోయింది.

"గుంటలుంటే ఏం బావుంటుంది బాబుగారూ?" అన్నాడు.

"రెండోదాని జోలికి పోకు నాయనా!"

1929లో మా వేటపాలెం సారస్వత నికేతనం భవనానికి గాంధీజీ శంకుస్థాపన చేశారు. అప్పుడు విరిగిన ఆయన చేతికర్రను ఆ గ్రంథాలయంలో భద్రపరిచారు. చిన్నప్పుడు నన్ను తీసుకెళ్ళి దాన్ని చూపించింది నాన్నగారే. అతికించి, మెరుగు పెట్టి ఉంటే మాకు చూపించడానికేముంది?

స్పిరిట్‌లో కరిగించిన లక్కను దూదిగుడ్డతో పల్చగా అద్ది, ఆరనిచ్చి, మళ్ళీ అద్దాడు. కుర్చీ నిగనిగలాడింది.

అమ్మ వచ్చి ఎడమచేతిని తడిమింది. ఏమీ అనలేదు. ఆ పక్క గోడవైపు ఉండేట్టు కుర్చీ జరిపించింది. ఆయన ఉండగా ఎన్నడూ అందులో కూర్చోని మనిషి, కూర్చుని, కుడిచేతి గుంటలో మోచెయ్యి ఆనించుకుంది.